రాగిరేకు మీది చీకటి

చిత్రకళ అనగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది రంగు. అజంతా గుహలలోని కావిరంగు, రవివర్మ చిత్రించిన పట్టుచీరల నిగనిగ, చేర్యాల నకాషీ పటాల వెనుక పరచుకొన్న ఎఱ్ఱదనం మన కన్నులలో స్థిరంగా నిలిచి ఉన్నవి. రంగు అన్నదే లేక, నల్లని సిరాతో జానెడు కాగితం మీద అచ్చువేసిన బొమ్మ ఒక రాజ్యాన్ని నిలదీయగలదనిన సులభంగా నమ్మజాలము. అయినను పద్దెనిమిదవ శతాబ్ది చివర, పందొమ్మిదవ శతాబ్ది మొదట ఐరోపాలో ఈ పని జరిగినది. దానిని అందరికంటె నిర్భయంగా చేసినవాడు స్పెయిను దేశపు ఫ్రాన్సిస్కో గోయా. భయపడుతూనే చేసినవాడును ఆయనయే.

ఈ మాటలు సిర్గాపూరులో కూర్చుండి వ్రాయుచున్నాను. ఈనాడిది సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. 1956 నవంబరుకు పూర్వం ఈ నారాయణఖేడు ప్రాంతం హైదరాబాదు సంస్థానపు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినబడు సీమ యిది. ఈ సీమకును, ఇన్నూరేండ్ల క్రిందటి స్పెయిను చిత్రాలకును ఏమి పొత్తు అని పాఠకులు అడుగవచ్చును. ఆ పొత్తును చివరకు విన్నవించుకొందును. ముందుగా ఆ కళ ఎట్టిదో, ఆ కళాకారుడు ఎట్టివాడో తెలిసికొనవలసి ఉన్నది.

ఈ కళకు ఎచింగు అని పేరు. ఆ మాటకు జర్మను భాషలోని మూలార్థం ‘తినిపించుట’. నునుపు చేసిన రాగిరేకు మీద మైనం, లక్క వంటివి కలిపిన పూత పూయుదురు. ఆ పూత మీద సన్నని సూదితో బొమ్మ గీయుదురు. సూది నడచినచోట పూత లేచిపోయి రాగి బయటపడును. అప్పుడు రేకును ఆమ్లంలో ముంచుదురు. పూత ఉన్నచోటును ఆమ్లం ముట్టదు. గీత పడినచోటును తినివేయును. ఎంతసేపు తిననిచ్చిన అంత లోతు. ఎంత లోతైన అంత నలుపు. తరువాత రేకును తుడిచి, గీతలలోనికి సిరా దట్టించి, పైపై సిరాను గుడ్డతో తీసివేసి, తడిపిన కాగితం పరచి యంత్రం క్రింద ఒత్తుదురు. గాయపడినచోటనే సిరా నిలుచును. బొమ్మ అద్దంలోని రూపం వలె తారుమారుగా కాగితం మీదికి వచ్చును. ఒకే రేకునుండి వందల ప్రతులు తీయవచ్చును.

గోయా కాలానికి దీనితోబాటు ఆక్వాటింటు అను మరియొక పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చి ఉన్నది. గుగ్గిలం వంటి బంకపొడిని రేకు మీద చల్లి, వేడిచేసి అంటించి, ఆమ్లంలో ముంచిన ఆ రేణువుల నడుమ నడుమ ఆమ్లం తిని, గీతలు లేని చీకటిని కలిగించును. మబ్బుపట్టిన సాయంకాలపు బూడిదరంగు మొదలు నడిరేయి కారునలుపు వరకు అన్ని ఛాయలు దీనివలన సాధ్యమగును.

మా సీమవారికి లోహం మీది నలుపు క్రొత్తది కాదు. బీదరు పనివారు యశదం, రాగి కలిపి పోసిన పాత్రను ఉలితో చెక్కి, ఆ చెక్కుడులో వెండి పొదిగి, బీదరు కోటలోని మట్టిని నవాసారంతో కాచిన నీటిలో పాత్రను వేయుదురు. లోహం కాటుక వలె నల్లబడును. వెండి మాత్రం చెక్కుచెదరక మెరయును. బిద్రీ పనిలో నలుపు వెండిని మెరయింపజేయుటకై ఉన్నది. గోయా పనిలో నలుపు మరిదేనిని మెరయింపజేయుటకును లేదు. అదే ఆయన చెప్పదలచిన విషయం.

గోయా 1746లో ఆరగాను రాష్ట్రంలోని ఫ్వెండెటోడోస్ అను పల్లెలో పుట్టినాడు. రాజాస్థానంలో ప్రవేశించి, రాజులను, రాణులను, సామంతులను చిత్రించి పేరు గడించినాడు. 1792–93లో తీవ్రమైన జబ్బుచేసి పూర్తిగా చెవిటివాడైనాడు. లోకపు సద్దు అణగిన తరువాత ఆయనకు లోకపు వికారం స్పష్టంగా కానవచ్చినట్లున్నది. 1799 ఫిబ్రవరిలో ‘కాప్రిచోస్’ అను పేర 80 చిత్రాల సంపుటాన్ని అమ్మకానికి పెట్టినాడు. అమ్మినచోటు ఒక అత్తరుల దుకాణం. అది ఉన్న వీధి పేరునకు మన భాషలో అర్థం ‘భ్రమ తొలగిన వీధి’.

ఆ సంపుటంలోని 42వ చిత్రాన్ని చూచిన తెలంగాణము మనిషికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఇద్దరు రైతులు నడుము వంగి, కన్నులు మూసికొని, తమ వీపుల మీద రెండు గాడిదలను మోయుచున్నారు. గాడిదలు హాయిగా కూర్చున్నవి. ఒక గాడిద కాలికి రౌతు తొడుగు ముల్లు కూడ కలదు. మోయవలసినది మోయబడుచున్నది, మోయబడవలసినవాడు మోయుచున్నాడు. వెట్టి అను రెండక్షరాలకు ఇంతకంటె సరియైన బొమ్మను నేను చూచి ఉండలేదు. దొరగారి మేనాకు భుజమిచ్చినవారిని, అధికారుల సామాను ఊరినుండి ఊరికి కూలిలేక మోసినవారిని మన తాతలు ఎరుగుదురు. గోయా మన దేశాన్ని కలలోనైనను చూచినవాడు కాడు. అయినను దౌర్జన్యానికి అన్ని దేశాలలోను ఒకే వీపు దొరకును.

ఆ తరువాతి చిత్రమే జగత్ప్రసిద్ధమైన 43వది. ఒక మనిషి బల్లమీద తలవాల్చి నిద్రించుచున్నాడు. వెనుక చీకటినుండి గుడ్లగూబలు, గబ్బిలాలు లేచి వచ్చుచున్నవి. వివేకం నిదురించిన భూతాలు పుట్టునని దాని తాత్పర్యం. అయితే స్పానిషు భాషలో నిద్రకును కలకును ఒకే మాట. కావున వివేకమే కలగని భూతాలను కనునని కూడ అర్థం చెప్పవచ్చును. ఆ రెండర్థాలలో దేనిని గోయా ఉద్దేశించినాడో తేల్చక విడిచినాడు. ఆ తరువాతి శతాబ్దాల చరిత్ర రెండును నిజమేనని చూపినది.

ఇంతటి సంపుటం ఏమైనది? గోయా లెక్క ప్రకారం 27 ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినవి. మతవిచారణ సభవారి భయం తలమీద ఉన్నది. 1803లో ఆయన 80 రాగిరేకులను, మిగిలిన 240 ప్రతులను రాజుగారికే సమర్పించి, బదులుగా కుమారునికి వార్షిక భృతి పొందినాడు. తనను విమర్శించిన బొమ్మలకు రాజే సంరక్షకుడైనాడు! ఇది ధైర్యమా, లౌక్యమా అని అడిగిన రెండును అనవలెను. బిడ్డల కడుపు నింపవలసిన గృహస్థు చేసిన పని అది. గోయాను వీరునిగా కీర్తించువారు ఈ సంగతిని మరువరాదు. వీరుడు కాని మనిషి ఇంత చేయగలిగినాడనుటలోనే మనకు ఆశ ఉన్నది.

1808లో నెపోలియను సేనలు స్పెయినును ఆక్రమించినవి. ఆ సంవత్సరం మే 2వ తేదీన మాడ్రిడ్ ప్రజలు తిరుగబడినారు. 1814 వరకు యుద్ధం సాగినది. 1811–12లో మాడ్రిడ్ నగరంలో ఘోరమైన కరువు వచ్చినది. ఈ కాలమంతయు గోయా రాజాస్థానపు కొలువు విడువలేదు. నెపోలియను అన్న జోసెఫ్ ఇచ్చిన బిరుదును కూడ స్వీకరించినాడు. కాని 1810 నుండి ఒక్కొక్క రాగిరేకే చెక్కుచు వచ్చినాడు. యుద్ధంలో రాగి కరవైనది. తాను పూర్వం ప్రకృతి దృశ్యాలు చెక్కిన రేకులనే రెండుగా కోసి, వాని వెనుక హత్యలను చెక్కినాడు. ఒకవైపు కొండలు, చెట్లు, మరొకవైపు శవాలు. ఆ రేకులే ఆ యుగానికి చరిత్ర అనవచ్చును.

‘యుద్ధపు ఘోరాలు’ అని నేడు మనం పిలుచు ఆ చిత్రమాలలో మనకు నేర్పునవి మూడు నాలుగు కలవు. 26వ చిత్రంలో చీకటి గుహ వంటి చోట కొందరు మోకరిల్లి ఉన్నారు. ఒకడు చేతులు జోడించినాడు. ఒక స్త్రీ బిడ్డలతో కూలబడినది. కుడివైపు అంచునుండి తుపాకుల బాయినెట్ల కొనలు మాత్రం లోనికి చొచ్చినవి. వానిని పట్టినవారు కనబడరు. వారెవరైనను కావచ్చును. ‘చూడజాలము’ అని చిత్రానికి పేరు పెట్టి, మనచేత చూపించినాడు. 44వ చిత్రం పేరు ‘నేను చూచినాను’. ప్రజలు బిడ్డలను లాగుకొని పారిపోవుచున్నారు. 45వ చిత్రం పేరు ‘ఇదియును’. సాక్షి వాఙ్మూలం వలె ఇంత ముక్తసరిగా పేర్లు పెట్టిన చిత్రకారుడు అంతకు ముందు లేడు.

అన్నిటికంటె నన్ను నిలిపివేయునవి మొదటనే వచ్చు రెండు చిత్రాలు. రెండవదానిలో ఫ్రెంచి సైనికులు తుపాకులెత్తి, కత్తి, బల్లెం తప్ప ఏమియు లేని స్పెయిను పామరులను చంపుచున్నారు. మూడవదానిలో స్పెయిను పామరుడు గొడ్డలి ఎత్తి, క్రిందపడిన ఫ్రెంచి సైనికుని నరుకబోవుచున్నాడు. ఆ మూడవదాని పేరు ‘అదే’. మరేమియు లేదు. 28వ చిత్రంలో స్పెయిను గుంపే ఒకని దేహాన్ని హింసించుచున్నది. గోయా స్పెయినువాడు, ఆక్రమింపబడిన జాతివాడు. తనవారి బాధ ఆయనకు తెలియును. ఆ బాధ తనవారిని నిర్దోషులను చేయదని కూడ ఆయనకు తెలియును. ఆమ్లం స్వపర భేదం లేక రాగిని తిన్నట్లే, ఆయన దృష్టియు ఇరుపక్షాలను తిన్నది.

1814లో రాజు ఫెర్డినాండు తిరిగివచ్చి, 1812 నాటి కాడిజ్ రాజ్యాంగాన్ని రద్దుచేసి, మతవిచారణ సభను పునరుద్ధరించినాడు. చిత్రమాల చివర ఒక స్త్రీమూర్తి చనిపోయి పడి ఉన్నది. ఆమె సత్యం. చుట్టును మతాధికారులు ఆమెను పూడ్చుటకు సిద్ధపడుచున్నారు. చివరి చిత్రం ‘ఆమె తిరిగి లేచునా?’ అను ప్రశ్న. ఈ చిత్రమాలను గోయా బ్రతికి ఉండగా ప్రకటింపలేదు. 1824లో ఫ్రాన్సుకు వెడలి, 1828లో బోర్డో నగరంలో కన్నుమూసినాడు. ఆయన పోయిన 35 ఏండ్లకు, 1863లో, మాడ్రిడ్‌లోని సాన్ ఫెర్నాండో అకాడమీవారు 80 చిత్రాలను అచ్చువేసినారు. అంతవరకు సాక్ష్యం పెట్టెలో ఉన్నది.

ఆ యుగంలో ఈ బాటను నడచినవాడు గోయా ఒక్కడే కాడు. ఆంగ్లకవి విలియం బ్లేక్ వృత్తిచేత రాగిరేకులు చెక్కువాడు. సురినాం దేశంలో బానిసలను పక్కటెముకకు కొక్కెం తగిలించి వ్రేలాడదీసిన దృశ్యాన్ని, స్టెడ్‌మన్ అను సైనికోద్యోగి 1796లో ప్రకటించిన గ్రంథానికై ఆయన చెక్కినాడు. 1803లో రాజద్రోహపు మాటలాడినాడని ఒక సైనికుడు బ్లేక్ మీద ఫిర్యాదు చేయగా, మరుసటి సంవత్సరం న్యాయస్థానం విడిచిపెట్టినది. ఫ్రాన్సులో దోమియే రాగికి బదులు రాతిమీద గీసినాడు. రాజును తిండిపోతు రాకాసిగా చిత్రించినందుకు 1832లో చెరసాలకు పోయినాడు.

మనకు ఈ కాల్పనికోద్యమం ఆంగ్లకవుల ద్వారా వచ్చినది. మన భావకవులు అందులోని వెన్నెలను, వియోగాన్ని, స్వేచ్ఛా కాంక్షను తెచ్చుకొన్నారు. చీకటిని అంతగా తెచ్చుకొనలేదు. ఇందుకు మన అలంకారశాస్త్రం కొంత కారణమేమో. భరతముని భయానక రసానికి నలుపును, బీభత్సానికి నీలాన్ని, కరుణకు పావురపు బూడిదరంగును వర్ణాలుగా చెప్పినాడు. గోయా వాడిన ఛాయలన్నియు ఇంచుమించు ఇవే. కాని మన శాస్త్రంలో ఏ రసమైనను చివరకు ఆనందంగా పరిణమింపవలెను. గోయా చిత్రం ఆనందంగా పరిణమింపదు. అది గొంతులో అడ్డుపడి నిలుచును. అట్లు నిలుచుటయే దాని ధర్మం.

ఇక మా సీమ మాట. నిజాము పాలనలో ఈ జిల్లాలు వెట్టిని, బలవంతపు ధాన్యపు లెవీని, చివరి రెండేండ్లలో రజాకార్ల దౌర్జన్యాన్ని చవిచూచినవి. ఆ కాలపు సాక్ష్యం మనకు ముఖ్యంగా పాటగా, బుర్రకథగా, పద్యంగా దక్కినది. నిజామాబాదు చెరసాలలో దాశరథి బొగ్గుతో గోడమీద పద్యం వ్రాసినారు. నల్లని గీత అక్కడ కూడ సాక్ష్యమే అయినది. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ సంస్థానం భారతదేశంలో కలియవలెనని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో హంతకులు ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నరికినారు. చేయి నరికినవారికి చేతి బలమేమో తెలియును.

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు పోలీసు చర్య జరిగినది. ప్రజలకు విముక్తి కలిగినది. అది మనం చెప్పుకొను కథ, అది నిజమే. కాని కథ అక్కడ ఆగలేదు. ఆ తరువాతి వారాలలో పశ్చిమ జిల్లాలలో ముస్లిము కుటుంబాల మీద ప్రతీకారం సాగినది. ఢిల్లీ ప్రభుత్వం పంపగా పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లు ఆ సంవత్సరం నవంబరు, డిసెంబరు మాసాలలో సంస్థానంలో తిరిగినారు. సంస్థానం మొత్తం మీద మృతులు తక్కువ లెక్కకే 27,000 నుండి 40,000 వరకు ఉందురని వారు నివేదించినారు. మిక్కిలి దెబ్బతిన్నవని వారు పేర్కొన్న జిల్లాలు నాలుగు: ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు, బీదరు. ఆనాడు మా నారాయణఖేడు ఉన్న జిల్లా బీదరే. ఆ నివేదిక దశాబ్దాలపాటు దాచబడినది. పూర్తి ప్రతి ఢిల్లీలో పాఠకులకు అందుబాటులోనికి వచ్చినది 2013లో. గోయా రేకుల వలెనే ఆ కాగితాలును పెట్టెలో నిద్రించినవి.

రెండవ చిత్రం మన పాటలలో ఉన్నది. మూడవ చిత్రం, ‘అదే’ అను చిత్రం, మనం చెక్కలేదు. స్పెయిను చిత్రాలకును మా సీమకును గల పొత్తు ఇదే. పాట గొప్పది. దానికి రాగిరేకు వద్దు, ఆమ్లం వద్దు, యంత్రం వద్దు. గొంతు ఉన్న చాలును. అణగినవానిని నిలబెట్టునది పాటయే. కాని పాట ఒక పక్షాన నిలిచి పాడును; పాడవలెను. నిలిచినచోటనే నిలిచి, ఇటును అటును చూచి, నోరు విప్పక సాక్ష్యమిచ్చుట బొమ్మకు తగిన పని. బాధితులమైన మనం బాధించినవారము కూడ కాగలమని చెప్పుట మరింత కష్టమైన పని.

రాగిరేకు తెలుగువారి చేతికి రాలేదని కాదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డిగారు విద్యార్థిదశలో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని, శాంతినికేతనంలో నేర్చి, పారిస్ నగరంలో హేటరు నడపిన ‘అటెలియే 17’ కార్యశాలలో అచ్చుకళకు ఆచార్యులైనారు. చిక్కదనంలో భేదించిన సిరాలను ఒకే రేకు మీద పరచి, ఒకే ఒత్తిడిలో అనేక వర్ణాలు రప్పించు పద్ధతిని పెంపొందించినవారిలో ఆయన ప్రముఖులు. 1968లో పారిస్ విద్యార్థులు తిరుగబడినప్పుడు ఆయన ‘ప్రదర్శకులు’ అను చిత్రాన్ని చెక్కినారు. 2018లో న్యూయార్కులో కాలధర్మం చెందినారు.

మా పూర్వపు మెదకు జిల్లాలోనే నిజాంపూరులో 1940లో పుట్టినవారు లక్ష్మాగౌడు గారు. హైదరాబాదులో నేర్చి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి శిష్యరికం చేసి, ఎచింగును తన పల్లె వద్దకు తెచ్చినారు. 2016లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆయన నలుపులో రాజకీయం సూటిగా లేదు. మేకలు, చెట్లు, పురుషులు, స్త్రీలు పెనవేసికొన్న పల్లె ఉన్నది. నాగరికులు చూడ సిగ్గుపడు కోరిక, జంకు, కసి ఉన్నవి. పల్లె అనగా ముగ్గులు, పాడిపంటలు మాత్రమేనని ఆయన బొమ్మలు చెప్పవు. తన ఊరి చీకటిని తన ఊరి గీతతోనే చూపవచ్చునని ఆయన రుజువు చేసినారు. మిగిలిన చీకటి మిగిలియే ఉన్నది.

1948లో పదేండ్ల బాలురైనవారు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. నారాయణఖేడు చుట్టుపట్ల, బీదరు దారిలోని పల్లెలలో వారు ఇంకను అరుగుల మీద కూర్చుండి ఉన్నారు. రజాకార్లకు వెరచి రాత్రివేళ చేలలో దాగినవారును వారిలో ఉన్నారు. సెప్టెంబరు తరువాత ఇల్లు విడిచిపోయిన పొరుగువారిని ఎరిగినవారును ఉన్నారు. ఆ రెండు జ్ఞాపకాలు ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలో ఉండును. మొదటిదానిని అడిగినవారికి చెప్పుదురు. రెండవదానిని అడిగినవారు తక్కువ.

చిత్రకారులు కానివారమైన మనం రేకులు చెక్కలేము. కాని అడుగగలము, విని వ్రాసి ఉంచగలము. వ్రాసినదానికి పేరు పెట్టవలసి వచ్చిన, గోయా పెట్టిన పేరే చాలును: ‘నేను చూచినాను’. దాని ప్రక్కన మరొక కాగితం ఉంచి, ‘ఇదియును’ అని వ్రాయగల ధైర్యం కూడ మనకుండవలెను.